నినియన్‌కి పూచీ ఎవరు?

మా హోప్‌బర్న్‌లో నినియన్ బ్రైడెన్ బట్టలు తొక్కేవాడు. మగ్గం దిగిన ఉన్నిబట్ట వదులుగా, గాలి దూరేట్టు ఉంటుంది కదా, దాన్ని వాగు ఒడ్డు మిల్లులో నానేసి, కొట్టి, తొక్కి, చలికి ఆగేట్టు చిక్కగా చేసివ్వడం అతని పని. పనిమంతుడే, కాదనను. కానీ అతని ఇల్లెక్కడని అడిగితే మిల్లు పేరు చెప్పి ఎవరూ దారి చూపించరు. "పూచీ నినియన్ ఇల్లా? అదిగో, గుమ్మం ముందు ఎవడో ఒకడు టోపీ చేత్తో పట్టుకుని దీనంగా నిలబడి ఉంటాడు చూడు, అదే" అంటారు.

సరిహద్దు ఊరివాళ్ళం. మాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తాతల కాలంలో కోపమొస్తే గుర్రమెక్కి పొరుగువాడి కొట్టం తగలబెట్టేవాళ్ళు. రాజుగారు సరిహద్దుకి రెండువైపులా తానే రాజై లండన్ వెళ్ళి కూర్చున్నాక ఆ వేడుక పోయింది. ఇప్పుడు ఎవడైనా బెదిరిస్తే తిన్నగా తగువులు తీర్చే బైలీగారి కోర్టుకెళ్ళి, "వీడివల్ల నా ఒంటికి ముప్పుంది బాబూ" అని ఒట్టేసి చెప్పడమే. అప్పుడా బెదిరించినవాడు ఒక ఇంటివాణ్ణి వెతికి తెచ్చుకోవాలి. వచ్చినవాడు బైలీగారి చేతిలో చెయ్యి వేసి, "వీడు చెయ్యెత్తడు, ఎత్తితే నా గొడ్డూ గోదా పట్టుకుపొండి" అనాలి. ఏడాదీ ఒక రోజూ ఆ మాట నిలబడుతుంది. ఎవరూ రాకపోతే ఆ ఏడాదీ కోర్టు మెట్ల కింద చీకటి కొట్టులో గడపాలి. వాగు పొంగితే ఆ కొట్టులోకి నీళ్ళొస్తాయి.

అలా నిలబడే మనిషిని మావాళ్ళు 'బారో' అంటారు. పాత మాట. దాని సంగతి తమాషాగా ఉంటుంది. అమ్మమ్మల నోట అదొక మనిషి, ఇంకొకరి బదులు తన తల పెట్టేవాడు. చెరలో పడ్డవాణ్ణి విడిపించుకొస్తే దానికీ అదే మాట. ఊరెళ్ళేవాడు గుమ్మం దాటుతూ "సెయింట్ జాన్ బారో" అనేవాడు, తిరిగొస్తానని ఆ మహానుభావుడు పూచీ అన్నమాట. ఇప్పుడు పాస్టరుగారు వింటే పాత మతమని చెడామడా తిడతారు గానీ ముసలమ్మలు గొణుక్కుంటూనే ఉంటారు. ఇక ఈ కాలప్పిల్లలకి పక్కింటి జల్లెడ అడిగి తెచ్చుకోవడమే బారో. మనిషితో మొదలైన మాట జల్లెడ దాకా ఎట్లా దిగివచ్చిందో నాకిప్పటికీ అంతుబట్టదు.

నినియన్ పెళ్ళాం ఎల్స్‌పెత్‌కి అంతుబట్టనిది వేరే ఉంది. ఈ మనిషి ఎందుకు ఇట్లా అందరికీ చెయ్యేస్తాడు?

అదేమన్నా చిన్న విషయమా! ఊళ్ళో మిగతావాళ్ళు సొంత తమ్ముడికి పూచీ పడాలన్నా వారం రోజులు ఆలోచిస్తారు. నినియన్ ఆలోచించడు. డాండ్, హాబ్ అని అన్నదమ్ములిద్దరు ఒక పందికోసం కత్తులు దూసుకుంటే అటు అన్నకీ ఇటు తమ్ముడికీ కూడా ఇతనే పూచీ. ఎక్కణ్ణుంచో వచ్చిన గంపల వర్తకుడు, పేరు కూడా సరిగ్గా చెప్పనివాడు, సంతలో ఎవణ్ణో తంతానన్నందుకు పట్టుకుంటే వాడికీ ఇతనే. ఎదురింటి మేరియన్ అత్తగారి మీదికి గరిటె ఎత్తింది. ఆ అత్తగారు జిలిస్ నోట్లో నువ్వుగింజ నానదు, పరుగున వెళ్ళి ఒట్టేసి వచ్చింది. మేరియన్‌కి పూచీ ఎవరు? ఇంకెవరు, నినియనే.

"ఏవయ్యా, ఎందుకు చేస్తావిట్లా?" అని ఎల్స్‌పెత్ అడిగేది. అడగడంలో ఆవిడ తరవాతే ఎవరైనా. ఊళ్ళో ఎవరి కుండలో ఏముడికిందో తెలియకపోతే ఆవిడకి నిద్ర పట్టదు. అట్లాంటిది సొంత మొగుడి కడుపులో ఏముందో తెలియకపోవడం ఆవిడకెంత కష్టమో చూడండి.

"వానొచ్చేట్టుందే," అనేవాడు నినియన్.

"నేను వానగురించి అడిగానా?"

"లేదులే. బట్టలు లోపల పెట్టు."

ఇదీ వరస. మెత్తగా అడిగింది, తిట్టి అడిగింది, ఓట్స్ రొట్టె మీద వెన్న ఎక్కువ రాసి పెట్టి మరీ అడిగింది. రొట్టె తిన్నాడు, మాట మాత్రం రాల్చలేదు. ఊళ్ళోవాళ్ళిచ్చే మర్యాదకోసం చేస్తాడేమో అనుకోవడానికి ఎవరైనా మెచ్చుకుంటే విసుక్కుంటాడు. పుణ్యం కోసమా అంటే చర్చిలో కూర్చుని గురక పెడతాడు. ఎల్స్‌పెత్ చివరికి, "మా ఆయనకి అదొక రోగం. కొందరికి దగ్గు ఉంటుంది, ఈయనకి పూచీ ఉంది" అని ఊరుకుంది. ఊరుకుంది అంటే పైకి.

ఇదిలా ఉండగా ఊళ్ళోకి వాట్ ఎచిసన్ దిగాడు.

వాట్ రంగులద్దేవాడు. ఉత్తరాదిన పెర్త్ పక్కనించి వచ్చాడు. సన్నటి మనిషి, పెళ్ళాం లేదు, ఎవరితోనూ కలవడు, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు. వీధి చివర పాత కొట్టం కొని నీలం కాగులు పెట్టాడు. అక్కడిదాకా ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ముక్కు మూసుకోనంటే చెబుతాను, ఉచ్చ దగ్గర.

బట్ట తొక్కాలంటే ముందు ఉన్నిలో జిడ్డు పోవాలి. జిడ్డు పోవాలంటే పులిసిన ఉచ్చను మించింది లేదు. అందుకే మా వీధిలో ప్రతి ఇంటి వెనకా ఒక తొట్టి ఉంటుంది. రాత్రి కుండలన్నీ అందులో పోస్తారు, నినియన్ బండేసుకుని వచ్చి పట్టుకుపోతాడు. మా నాన్నల నాటినించీ అంతే. అయితే నీలం రంగు కరగాలన్నా అదే కావాలిట! వాట్ వచ్చిన కొత్తల్లో మాకు తెలియలేదు. అతను గప్‌చుప్‌గా ఇంటింటికీ తన తొట్టి ఒకటి పెట్టి, నిండితే ఒక నీలం నూలు చిలప ఇస్తానన్నాడు. నినియన్ ఏమిస్తాడు? దణ్ణం పెడతాడు. ఇంక చూసుకోండి. వీధిలో ఆడవాళ్ళందరికీ నీలం మేజోళ్ళొచ్చాయి, నినియన్ మిల్లులో బట్టలన్నీ జిడ్డోడుతూ మూలుగుతున్నాయి.

ఒక పొద్దున నినియన్ ఖాళీ బండి తోలుకొస్తుంటే వాట్ తన తొట్టి ఎత్తుకుంటూ ఎదురుపడ్డాడు. సరిగ్గా మేరియన్ గుమ్మం ముందు.

"ఒరే సన్నోడా!" అని నినియన్ వీధంతా వినపడేట్టు అరిచాడు. "మళ్ళీ నా వీధిలో తొట్టి పెట్టావంటే నిన్ను అందులోనే తలకిందులుగా ముంచుతా! నీలంగా తేలేదాకా తియ్యను!"

వీధి వీధంతా నవ్వింది. నినియన్ అరుపులు మాకు కొత్తా? ఎలక పిల్లని కూడా తొక్కడు. మేరియన్ అయితే నిండు కడుపు పట్టుకుని, "బాబాయ్, నవ్వించకు, ఇక్కడే కనేస్తాను" అంది. నవ్వనిది ఒక్క వాటే. తొట్టి అక్కడే వదిలేసి, తెల్లటి మొహంతో తిన్నగా కోర్టుకి నడిచాడు.

మర్నాడు కోర్టు సార్జంటు వచ్చి నినియన్ భుజం మీద చెయ్యేశాడు. వాట్ ఒట్టేశాడు. నినియన్ బ్రైడెన్ వల్ల తన ఒంటికి ముప్పుందన్నాడు.

"నావల్లా? నా మీదా ఒట్టు?" అన్నాడు నినియన్. కోపంగా కాదు, వింతగా అడిగాడు.

ఎల్స్‌పెత్ ముందు పెద్దగా లెక్క చెయ్యలేదు. "దానికేం భాగ్యం! ఊరంతా నీ పూచీ మీదే తిరుగుతోంది. నువ్వు నోరు తెరవకముందే పదిమంది వచ్చి నిలబడతారు. పద, ఎవరెవరు ఎగబడతారో చూద్దాం" అని మంచి శాలువా కప్పుకుని బయల్దేరింది.

కోర్టులో బైలీగారు గడ్డం గోక్కుంటూ కూర్చున్నారు. ఆయన మంచివాడే, కానీ చట్టం అక్షరం తప్పితే ఆయనకి అన్నం అరగదు.

"పూచీ ఎవరు?"

డాండ్ లేచాడు. "నేను, బాబూ."

"నువ్వు కూర్చో. నీ మీద నీ తమ్ముడి ఒట్టుంది. పూచీ మీద ఉన్నవాడు ఇంకొకడికి పూచీ పడకూడదు. నీ కాళ్ళే కట్టేసి ఉంటే ఇంకొకణ్ణి ఏం మోస్తావు?"

హాబ్ లేచాడు. అతనూ అంతే. చెప్పులు కుట్టే పీటర్ లేచాడు, నిరుడు ఇసకదిబ్బ గొడవలో పూచీ మీద ఉన్నాడు, కూర్చున్నాడు. ఒకరి వెనక ఒకరు లేవడం, బైలీగారు వేలితో కిందికి చూపించడం. జనం మొదట నవ్వారు. తరవాత నవ్వడం మానేశారు. మా వీధిలో నినియన్‌కోసం ప్రాణమిచ్చే ఇంటివాళ్ళందరూ నినియన్ పూచీ మీదే ఉన్నారు మరి! ఒక్కడికి కూడా చెయ్యి ఖాళీ లేదు. ముప్పయ్యేళ్ళుగా వీధినంతా తన చేత్తో కట్టిపడేసుకున్నాడు పెద్దమనిషి, అదెవరికీ తోచలేదు.

"నేనుంటాను," అంది ఎల్స్‌పెత్ లేచి.

"ఒకే ఇంటివాళ్ళు, ఒకే పొయ్యివాళ్ళు పనికిరారమ్మా."

"ఆ పొయ్యి మీదే కదా బాబూ తమరు పోయిన క్రిస్మస్‌కి పులుసు తాగింది!"

"క్రిస్మస్ లేదు, ఏమీ లేదు," అని బైలీగారు అక్కడే కూర్చున్న, పండగలు కూడదనే పాస్టరుగారి వైపు కంగారుగా చూసి గొంతు సవరించుకున్నారు. "సాయంత్రం గంట కొట్టేదాకా గడువు. అప్పటికీ ఎవరూ రాకపోతే నినియన్ కింది కొట్టులోకి. ఇంకో మాట. పూచీదారు కొట్టులో పడితే అతనిచ్చిన పూచీలన్నీ పడిపోతాయి. వాళ్ళందరూ కూడా ఆ గంట కొట్టేలోపలే కొత్తవాళ్ళని చూసుకోవాలి, లేదా వెనకే రావాలి."

డాండ్, హాబ్ ఏదోలా గట్టెక్కుతారు, వాళ్ళకి పక్క ఊళ్ళో మేనమామలున్నారు. ఎల్స్‌పెత్ చూపు మాత్రం గోడకానుకుని నిలబడ్డ మేరియన్ మీదికి పోయింది. తొమ్మిదో నెల దాటిపోయింది. మొగుడు ఒకే పొయ్యివాడు, పనికిరాడు. పుట్టింటివాళ్ళు లేరు. అత్తగారు జిలిస్ కూడా పాలిపోయి, "నేను మాట వెనక్కి తీసుకుంటాను బాబూ" అని నసిగింది. తీసుకుంటే తప్పుడొట్టు, తప్పుడొట్టుకి చెవికి మేకు కొడతారు. జిలిస్ చెవి తడుముకుని ఏడుస్తూ కూర్చుంది.

"పిన్నీ," అంది మేరియన్ మెల్లగా. "ఆ కొట్టులో నీళ్ళున్నాయా ఇప్పుడు?"

"లేవే తల్లీ. నువ్వెళ్ళవు. నోర్ముయ్," అంది ఎల్స్‌పెత్. వాగు పొంగి ఉందని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు మొదలెట్టింది తిరగడం. కాళ్ళకి బలపం కట్టుకున్నట్టు పై వీధంతా తిరిగింది. పై వీధివాళ్ళు వర్తకులు, వాళ్ళ మీద ఎవరి ఒట్టూ లేదు, ఎందుకంటే వాళ్ళు తిట్టుకోరు, నవ్వుతూ గొంతులు కోసుకుంటారు. ఒకాయన నడుం నొప్పన్నాడు. ఒకావిడ, "ఆయన లేరమ్మా" అంది, వెనక ఆయన దగ్గుతున్నాడు. ఇంకొకాయన నిజం చెప్పాడు. "చూడు ఎల్స్‌పెత్, మీ ఆయన అంతమందికి చెయ్యేశాడు. రేపు అందులో ఒకడు తప్పితే అదంతా ఈయన మీద పడుతుంది. అట్లాంటివాడి పక్కన నిలబడమంటావా? అసలెందుకు పడ్డాడు అందరికీ? అది చెప్పు ముందు."

ఆవిడకేం తెలుసు చెప్పడానికి! ఒళ్ళు మండిపోయింది. ఆ మండుతున్న ఒంటితోనే కోర్టు కింద మెట్ల దగ్గర నినియన్‌ని కూర్చోబెట్టిన చోటికి వచ్చింది.

"ఇవ్వాళ వానగురించి చెప్పావంటే నేనే ముంచుతాను నిన్ను," అంది. "ఎందుకు చేశావయ్యా ఇన్నేళ్ళూ? ఆ పిల్ల కొట్టులో కనబోతోంది. నాకు తెలియాలి."

నినియన్ తన చేతులు చూసుకున్నాడు. తరవాత, "నేను పిల్లాడిగా ఉన్నప్పుడు నన్ను పూచీగా ఇచ్చేశారే" అన్నాడు.

"ఎవరు?"

"మావాళ్ళే. మా ఇంటిపేరువాళ్ళు సరిహద్దు అవతలి పశువుల్ని దొంగతనంగా తోలుకొచ్చేవాళ్ళు గదా, మళ్ళీ వెళ్ళరని నమ్మకానికి రాజుగారి మనుషులు కొందరు పిల్లల్ని ఇమ్మన్నారు. మా పెదనాన్న నన్ను చూపించాడు. సముద్రం పాయ దాటించి ఫైఫ్ సీమలో ఒక దొరగారింట్లో పెట్టారు. మావాళ్ళు బుద్ధిగా ఉన్నంతకాలం నాకు గంజి. లేకపోతే తాడు."

"బుద్ధిగా ఉన్నారా?"

"నెల తిరక్కుండానే గుర్రాలెక్కారు. వాళ్ళకి వేరే పిల్లలున్నారు కదా." నినియన్ నవ్వబోయాడు గానీ రాలేదు. "దొర జాలిపడి ఉరి తియ్యలేదు. కానీ అక్కడొక పద్ధతి ఉండేది. పండగ పండక్కీ గుమాస్తా గుమ్మంలో నిలబడి కేకేసేవాడు. 'నినియన్ బ్రైడెన్‌కి బారో ఎవరైనా ఉన్నారా?' అని మూడుసార్లు. విడిపించుకునేవాళ్ళొస్తే వదలాలి గదా. నేను మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని మెట్టు మీద కూర్చునేవాణ్ణి. ముంగిట్లో కాకులు ఉండేవి. అంతే."

ఎల్స్‌పెత్ అతని పక్కన మెట్టు మీద కూర్చుంది.

"మరి ఎవరు విడిపించారు?" అంది.

"ఎవరూ రాలేదు. మీసాలొచ్చి తిండి ఎక్కువ తింటున్నానని గెంటేశారు."

"ముప్పయ్యేళ్ళు నాతో కాపురం చేసి ఇది చెప్పలేదు నువ్వు! రోజూ అడుగుతూనే ఉన్నానే!"

"నువ్వు 'ఎందుకు పూచీ పడతావు' అని అడిగావు. 'నీకోసం ఎవరొచ్చారు' అని అడగలేదు." అతను కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ కేక నాకు వినాలని లేదే. ఎవరి పేరు పిలిచినా సరే, మూడోసారి పిలవకుండా నేనే లేచేస్తాను. దానికి ఇంకేం కారణం లేదు."

ఆవిడ అక్కడ ఎక్కువసేపు ఉండలేకపోయింది. ఏడిస్తే అతను కూడా ఏడుస్తాడని భయం. తిన్నగా వీధి చివరికి నడిచింది, వాట్ కొట్టానికి.

వాట్ కాగు కలుపుతున్నాడు. ఆవిణ్ణి చూసి కర్ర అడ్డంగా పట్టుకున్నాడు.

"కొట్టనులే, దించు," అంది ఎల్స్‌పెత్. "ఒక్కటి చెప్పు. నిజంగా భయపడ్డావా మా ఆయనకి? ఆ మనిషికి?"

"నిజంగానే, ఎల్స్‌పెతమ్మా. నవ్వుతారని తెలుసు. మా ఊళ్ళో ఒకడు ఇట్లాగే నడివీధిలో నవ్వుతూ అన్నాడు, 'నీ కొట్టం కాలుస్తా' అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాల్చాడు." వాట్ కర్ర దించాడు. "కోర్టుకెళితే వాడి పక్కన నిలబడటానికి జనం తోసుకున్నారు. నా పక్కన ఒక్కడు లేడు. అందుకే ఇక్కడ ముందే వెళ్ళి ఒట్టేశాను. మీ ఆయనకేం, ఊరంతా ఆయన మనుషులే, చిటికెలో పూచీ దొరుకుతుంది, నాకు ధైర్యంగా ఉంటుంది అనుకున్నాను. ఇట్లా అందరి చేతులూ కట్టేసి ఉంటాయని నాకేం తెలుసు? ఒట్టు వెనక్కి తీసుకోమనకండి. అబద్ధమవుతుంది. ఇప్పటికీ భయమే నాకు."

"వెనక్కి తీసుకోమనను," అంది ఎల్స్‌పెత్. అతని మొహం చూస్తే అది అబద్ధం కాదని ఆవిడకి తెలిసిపోయింది. "కానీ వాట్, వీధిలో పొయ్యి ఉండి, నెత్తిమీద ఒట్టులేని ఇంటివాడు ఇప్పుడొక్కడే ఉన్నాడు. అది నువ్వు."

వాట్ చేతిలో కర్ర వదిలేశాడు. "నన్ను ముంచుతానన్నవాడు ముంచడని నేను పూచీ పడాలా? ముంచితే నా కాగులే జప్తు చేస్తారా? మతి ఉండే మాట్లాడుతున్నారా మీరు?"

"మతి పొద్దుటే పోయింది," అంది ఆవిడ. తరవాత ఫైఫ్ సంగతి చెప్పింది. మెట్టు మీద కూర్చున్న పిల్లాడి సంగతి, కాకుల సంగతి. బతిమాలలేదు. చెప్పాల్సింది చెప్పి, శాలువా సర్దుకుని బయటికొచ్చేసింది. వాట్ మళ్ళీ కాగు కలపడం మొదలెట్టాడు, తలెత్తలేదు.

గంట వేళకి కోర్టు కిక్కిరిసింది. మేరియన్‌ని బల్ల మీద కూర్చోబెట్టారు. ఆమె నడుం పట్టుకుని పళ్ళబిగువున ఊపిరి తీస్తోంది, జిలిస్ పక్కనే కూర్చుని కోడలి వీపు రాస్తోంది. ఒట్టేసినవాడు హాజరు కావాలి కాబట్టి వాట్ కూడా వచ్చి వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. చుట్టూ జనం జరిగి చోటొదిలారు, ముట్టుకుంటే అంటుకుంటాడన్నట్టు.

సార్జంటు లేచి గొంతెత్తాడు. "నినియన్ బ్రైడెన్‌కి పూచీ ఎవరు?"

ఎవరూ కదల్లేదు. కదలాలనున్నవాళ్ళకి హక్కులేదు, హక్కున్నవాళ్ళు పై వీధిలో తలుపులేసుకున్నారు.

"నినియన్ బ్రైడెన్‌కి పూచీ ఎవరు?"

ఎల్స్‌పెత్ మొగుడి వైపు చూసింది. అతను తడి చేత్తో జుట్టు దువ్వుకున్నాడు. ఆ తెల్లజుట్టు, అంత లావు మనిషి, పిల్లాడిలాగా సర్దుకుని, తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. అది చూడలేక ఆవిడ శాలువా నోట్లో కుక్కుకుంది.

సార్జంటు మూడోసారి నోరు తెరిచాడు.

"నేను," అన్నాడు వాట్.

కోర్టంతా వెనక్కి తిరిగింది. బైలీగారు ముందుకు వంగారు. "నువ్వా? నువ్వు ఒట్టేసినవాడివి!"

"అవునండి."

"ఇతనివల్ల నీ ఒంటికి ముప్పుందన్నావు."

"అన్నానండి. ఇప్పటికీ భయంగానే ఉంది."

"మరి ఇతను నీ మీద చెయ్యెత్తడని నువ్వే పూచీ పడతావా? ఎత్తితే దెబ్బలూ నీకే, జప్తూ నీకే. తెలుసా?"

"తెలుసండి," అన్నాడు వాట్. "చట్టంలో కూడదని ఉందా?"

బైలీగారు గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా పైకప్పు వైపు చూశాడు. కూడదని ఎక్కడా లేదు. ఇట్లాంటి వెర్రిపని ఎవడైనా చేస్తాడని చట్టం రాసినవాళ్ళకి తట్టలేదు. బైలీగారు నిట్టూర్చి చెయ్యి చాపారు. వాట్ జనం మధ్యనించి నడుచుకుంటూ వచ్చి తన నీలం చేతిని ఆయన చేతిలో పెట్టాడు.

"నినియన్ బ్రైడెన్‌కి నేను పూచీ," అన్నాడు.

"పోండి ఇంక, ఆ పిల్లని ఇంటికి తీసుకుపోండి ముందు!" అని బైలీగారు అరిచారు. డాండ్, హాబ్ కలిసి బల్లతో సహా మేరియన్‌ని ఎత్తుకుని పరిగెత్తారు. ఆ అన్నదమ్ములు కలిసి ఒక పని చెయ్యడం ఊరు చూడటం అదే మొదలు. జిలిస్ దారిపొడుగునా, "మెల్లగారా వెధవల్లారా" అని తిడుతూ వెంట పడింది.

అందరూ దిగిపోయాక నినియన్ మెట్ల మీదికి వచ్చాడు. రెండు మెట్లు దిగి కూర్చున్నాడు. వాట్ నాలుగు మెట్ల దూరంలో ఆగాడు, దగ్గరికి రాలేదు.

"పదవయ్యా, చలిగా ఉంది," అంది ఎల్స్‌పెత్.

"ఉండవే." నినియన్ వాట్ వైపు తిరిగాడు. కళ్ళనించి కారుతోంది, తుడుచుకోవడం లేదు. "అబ్బాయ్, తొట్లు సగం సగం పంచుకుందాం. అది తరవాత మాట్లాడుకుందాం. ఇందాక లోపల ఏదో అన్నావు చూడు..."

"ఏమన్నాను?"

"బైలీగారి చేతిలో చెయ్యేసి అన్నావు కదా. అది ఇంకోసారి అను."

వాట్ ఎల్స్‌పెత్ వైపు చూశాడు. ఆవిడ తలూపింది.

"నినియన్ బ్రైడెన్‌కి నేను పూచీ," అన్నాడు వాట్.

నినియన్ కళ్ళు మూసుకుని విన్నాడు. తరవాత లేచి, పెళ్ళాం భుజం పట్టుకుని, ఇంటికి నడిచాడు.